నాలుగక్షరాల జవాబు

ప్రొద్దుటూరు. ఆదివారం మధ్యాహ్నం. జమ్మలమడుగు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఫాయిజా వరండాలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. ఆమెకు ఎదురుగా, మూడు నెలల కిందట కువైట్ నుంచి తిరిగొచ్చిన వీధి చివరింటి వెంకటసుబ్బమ్మ కూర్చుంది. ఇద్దరి మధ్యా ఒక చీటీ ఉంది.

"ఇది ఎన్ను మాదిరి లేదత్తా. జెడ్డు లేచి నిలబడినట్టుంది."

"నాకేం తెలుసు పాపా, ఉండేది ఉండేటట్టు గీసుకొచ్చినా. ముందర నిటారుగా రెండు గీతలు, మధ్యలో ఏటవాలుగా ఒకటి. దాని పక్కన నెత్తిన చుక్క పెట్టుకున్న పుల్ల. ఆ పక్కన సగం కొరికిన గాజు..."

"గాజును కొరుకుతారా ఎవరన్నా?"

"సగం ఇరిగిన గాజు. సరేనా? ఇంగ చివరిది నా వల్ల కాలా. మూడు మాట్లు గీసినా. మూడు మాట్లూ నత్తగుల్లే వచ్చె."

"అది 'ఈ' అనే అక్షరం. సరే, తెలిసింది. నైస్."

"ఏంది?"

"నైస్. నువ్వు గీసుకొచ్చిన మాట నైస్."

"నైసా? పిండిమరలో అడుగుతారే, నైసుగా పట్టాల్నా బరకగా పట్టాల్నా అని, ఆ నైసా?"

"ఆ నైసే."

"అయ్యో! కండ్లద్దాలు పెట్టుకోని గీసి, ఇంత ఎండలో నడిచొస్తే, కడాకు పిండిమాటనా?"

"ఎవరు రాసినారత్తా నీకు?"

"ఒక పిల్ల."

"ఏ పిల్ల?"

"ఒక పిల్ల మ్మే. ముందు అర్థం చెప్పు. ఊరూ పేరూ తర్వాత అడుగుదువు."

"ఇంగ్లీషులో నైస్ అంటే బాగుంది అని. మంచిది అని."

"బాగుందా, మంచిదా? రెండూ ఒకటి కాదు గదా. బెండకాయ పులుసు బాగుంటాది. అంతమాత్రాన అది మంచిదని ఎవరన్నా అంటారా?"

"వాళ్లు రెండిటికీ అదే వాడతారు. ఇదో, ఈ పేపర్లు చూడు. నా పిల్లోళ్లు రాసినవి. ఒకడు 'గండికోట ఈజ్ నైస్' అన్యాడు. ఇంకొకడు 'మై ఫాదర్ ఈజ్ నైస్' అన్యాడు. ఈ పాప 'బిర్యానీ ఈజ్ నైస్' అనింది. కోటకూ నాయనకూ బిర్యానీకీ ఒకటే మాట. ఎర్రపెన్నుతో కొట్టేసి కొట్టేసి నా చెయ్యి నొస్తాంది."

"మంచి మాటను యాల కొట్టేస్తావు?"

"అది ఏమీ చెప్పదు గనక. వీడు గండికోట చూసినాడో లేదో కూడా నాకు తెలీదు. చూడకపోయినా నైస్ అని రాయొచ్చు."

"అంటే చూడకుండా రాసే మాటనా అది?"

"ఒక్కోసారి."

"ఊఁ."

"ఏంది ఊఁ?"

"ఏం లేదు. అంతేనా? ఇంకేమన్నా అర్థాలుండాయా?"

"మనవాళ్ల అర్థాలు నాకంటే నీకే బాగా తెలుసు."

"ఆఁ, తెలుసు. మా మరిది ఉండాడే, అప్పట్లో మా అత్తను నైస్ చేసి కట్టేసిన పుంజును ఇప్పించుకోని పాయె. అదీ నైసే. పోయేటప్పుడు ఎవరికీ కనపడకుండా నైసుగా జారుకున్యాడు. అదీ నైసే. మరి ఈ పిల్ల నన్ను నైస్ చేస్తాందా? నైసుగా జారుకుంటాందా?"

"ఇంగ్లీషులో ఆ రెండూ లేవత్తా. అవి మనం తాలింపు వేసుకున్నవి."

"లేవా? అంత ముఖ్యమైనవి లేకుండా ఏం మాట్లాడుకుంటారమ్మా వాళ్లు!"

"ఇంకా ఒకటుంది. చక్కెర చల్లిన పలచని బిస్కెట్టు తింటాం గదా, నైస్ బిస్కెట్టు. దాన్ని కొందరు నీస్ అంటారు. ఫ్రాన్సులో ఆ పేరుతో ఒక ఊరుందిలే."

"నీసా! టీలో ముంచుకోని తినేదానికి నీసు వాసన అంటగట్టినారా? ఆ మాట ఇంగెవరి ముందరా అనాకు. సగం ఊరు బిస్కెట్లు మానేస్తాది."

"నవ్వించాకత్తా, మార్కులు తప్పు వేస్తాండా. టీ పెట్టాల్నా?"

"వద్దు. ఇంత ఎండకు టీ ఏంది. నువ్వు చెప్పు."

"ఏం చెప్పాల? చెప్పినా గదా, బాగుంది అని. నీకు ఎవరో నువ్వు బాగుండావని రాసినారు. ఎవరత్తా? నిజం చెప్పు. బంగారంగళ్ల వీధిలో ఏ మామన్నా నీ మీద..."

"నీ నోట్లో మన్ను! యాభై నాలుగేండ్లు నాకు."

"అయితే ఏంది? ఆ మామకు అరవై ఉంటాయి."

"మ్మే ఫాయిజా, మీ అమ్మను పిలుస్తా చూడు."

"సరే సరే. మామ కాదు, పిల్ల. కువైట్ పిల్లనా? నువ్వు సాకినావంటివే, దానా అని. ఆమెనా?"

"దానా రాయదు. దానా గొంతుతో పెడతాది. 'సుబ్బూ, జేన్?' అంటాది. నేను 'జేన్' అంటా. అయిపాయె."

"జేన్ అంటే?"

"బాగుంది అని. అరబ్బీలో అది శానా సులువైన మాట. పద్నాలుగేండ్లు దాంతోనే బతికినా. అన్నం జేన్. ఇల్లు జేన్. నువ్వు జేనా అంటే నేను జేన్. జ్వరం వచ్చినా జేనే, ఇంట్లో వాళ్లు గుర్తొచ్చినా జేనే. ఎవరూ మల్లా తిరిగి అడగరు."

"అయితే నీ జేనూ ఈ నైసూ అక్కాచెల్లెళ్లే అత్తా."

"అట్లనా? అయితే ఇది బాగుందని కాదు."

"యాల కాదు?"

"జేన్ అన్నప్పుడు ఎన్నిసార్లు బాగుండానో నాకు తెలుసు గదా."

"అత్తా, నువ్వు ఇంగ్లీషు లెక్చరర్‌గా పోవాల్సింది. సరే, నీకు అసలు కత చెప్తా. ఈ మాట ఎప్పుడూ ఇట్లా లేదు. పుట్టినప్పుడు ఇది తిట్టు."

"తిట్టా?"

"తిట్టే. ఏడునూర్ల ఏండ్ల కిందట ఫ్రెంచోళ్ల దగ్గర నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పుడు నైస్ అంటే బుద్ధి లేనోడు. ఎవరినన్నా నైస్ మనిషి అంటే చెప్పు తీసుకునేవాళ్లు."

"ఓయమ్మ!"

"ఫ్రెంచోళ్లకు యాడిదంటే, ల్యాటిన్ అని ఇంకా పాత భాష ఒకటుంది. అందులో 'నె' అంటే లేదు. 'స్కిరె' అంటే తెలుసుకోవడం. రెండూ కలిస్తే తెలీదు, తెలియనోడు. సైన్సు అంటామే, అది కూడా ఆ తెలుసుకోవడంలో నుంచే వచ్చింది."

"అంటే సైన్సు తెలిసింది, నైసు తెలియంది."

"సరిగ్గా పట్టుకున్యావు. తర్వాత ఏమాయెనో, తెలియనోడు అనేది సిగ్గరి అయింది. ఏమీ మాట్లాడకుండా ముడుచుకుంటాడు గదా తెలియనోడు, అట్ల. సిగ్గరి పోయి, ప్రతిదానికీ వంకలు పెట్టే మనిషి అయింది. ఇది ఉడకలా, అది ముట్టను అంటారే, అట్లాంటోళ్లు."

"మా అత్త పెద్దసుబ్బమ్మ. దేవుడు ఆమె ఆత్మను చల్లగా చూడాల. ఉప్పు తక్కువనేది, వేస్తే ఎక్కువనేది."

"ఆ కాలంలో ఉండింటే పెద్దసుబ్బమ్మవ్వను శానా నైస్ అనేవాళ్లు. తర్వాత వంకలు పెట్టేది పోయి, సన్నగా పట్టి చూసేది అయింది. నాజూకు. మన నైసు పిండి అక్కడిదేనేమో. ఇంగ ఈ రెండు మూడునూర్ల ఏండ్లుగా బాగుంది, మంచిది. తిట్టు తిరిగి తిరిగి మెచ్చుకోలు అయి కూర్చుంది."

"మాటలు గూడ మనుషుల మాదిరే. పుట్టిన చోటొకటి, పోయి పడిన చోటొకటి."

"మన తెలుగులో మాత్రం తక్కువనా? కంపు అంటే ఇప్పుడేంది?"

"మోరీ కంపు."

"పాత పద్యాల్లో కంపంటే సువాసన. కన్నడమోళ్లకు ఇప్పటికీ అంతే."

"అట్లయితే మా మరిదిని బళ్లారికి పంపాల. ఆడన్నా మెచ్చుకుంటారు."

"అత్తా!"

"నవ్వినావులే, నవ్వు. ఇప్పుడు చెప్పు. ఈ పిల్ల రాసింది ఏ కాలం నైసు?"

"ఏ కాలం ఏంది? ఈ కాలందే. ఏడునూర్ల ఏండ్ల కిందటిది ఇప్పుడెవరు రాస్తారు?"

"ఈ కాలంలో బాగుంది తప్ప ఇంకేమీ లేదా?"

"ఉంది. చెప్పకూడదనుకుంటి."

"చెప్పు."

"ఎటకారానికి కూడా వాడతారు. నేను ఫోను కింద పడేసి పగలగొట్టినా అనుకో. నా తమ్ముడు జీషాన్ చూసి 'నైస్!' అంటాడు. మంచి పని చేసినావులే అని."

"ఊఁ."

"ఇంకొకటి, ఈ పిల్లోళ్లకు మాట పెంచడం ఇష్టం లేనప్పుడు కూడా నైస్ అని పడేస్తారు. సరేలే, చాల్లే అన్నట్టు. తలుపు దగ్గరికేసినట్టు."

"తలుపు దగ్గరికేసినట్టా, గడియ పెట్టినట్టా?"

"అది మాటను చూస్తే తెలీదత్తా. దేనికి జవాబుగా పెట్టినారో తెలియాల. పులుసు బాగుందా అంటే నైస్ అని పెడితే ఒక అర్థం. పడిపోయినా అంటే నైస్ అని పెడితే ఇంకొక అర్థం. నువ్వు చీటీ మీద నాలుగక్షరాలు గీసుకోనొచ్చి, పిల్ల ఎవరో చెప్పవు, ఏం అడిగినావో చెప్పవు, అర్థం చెప్పు అంటే నేను యాడ నుంచి తెచ్చేది?"

"నువ్వు ఎమ్మే చదివినావు గదా."

"ఎమ్మేలో ఇంటింటి ముచ్చట చెప్పలేదత్తా. నువ్వేం అడిగినావు?"

"ఏముందిలే."

"చెప్పకపోతే నా పేపర్లు నేను దిద్దుకుంటా."

"దిద్దుకో."

"'మై విలేజ్ ఈజ్ నైస్.' ఇదీ కొట్టేయాల్సిందే."

"మ్మే. నిజంగానే దిద్దుతాండావా?"

"దిద్దుతాండా."

"పోవాల్నా అని అడిగినా."

"యాడికి?"

"యాడికేంది. కువైట్‌కే. మేడం ఫోను చేసింది. మల్లా వీసా తీస్తా రమ్మనింది. వాళ్ల ముసలమ్మ నేను లేకపోతే అన్నం ముట్టదంట. అందుకే అడిగినా."

"మూడు నెలలే గదా అయింది నువ్వొచ్చి! ఎప్పుడు పోవాలంట? మేడంకు ఏం చెప్పినావు?"

"అది సరేలే. ముందు దీని సంగతి చూడు."

"ఎట్ల సరే? ఈడ నీకేం తక్కువైందత్తా?"

"తక్కువేం లేదు. ఆడ పొద్దున లేస్తే సుబ్బూ ఉప్పేది, సుబ్బూ చెప్పులేవి అని ఇల్లంతా నా పేరే. ఈడ పొద్దున లేస్తే గోడ గడియారం ఒకటే మాట్లాడేది. వంట పనంటావా, నాకొక్కదానికి ఎంత వండాల? పోయిన వారం చారు పెట్టుకోని రెండు రోజులు తాగినా."

"మరి పోవాల్నా అని ఎవరిని అడిగినావు?"

"అదే, ఆ పిల్లను."

"పిల్లను అడుగుతారా ఎవరన్నా ఇట్లాంటిది? నీ కూతురు లహరిని అడగాల గానీ. పులివెందుల యాడో దూరమా? ఆ పిల్ల ఇంజనీరింగ్ చదువుతాంది, తెలివైంది. ఆమెను అడిగింటే... అత్తా, నా దిక్కు చూడు."

"ఊఁ."

"లహరినే అడిగినావా?"

"లహరి పిల్ల కాదా మరి?"

"యా అల్లా. నేను ఇంతసేపూ నవ్వుతాండా."

"నవ్వితే ఏమాయె. నేనూ నవ్వినా గదా."

"పేరు యాల చెప్పలా?"

"కన్నబిడ్డ రాసిన మాటకు బయటోళ్లతో అర్థం చెప్పించుకుంటే ఏం బాగుంటాది పాపా? ఐదేండ్లప్పుడు దాన్ని మా అత్త దగ్గర విడిచిపెట్టి పోతి. పెద్దసుబ్బమ్మ పోయినాక వస్తి. రెండు వారాలకొకసారి హాస్టల్ నుంచి వస్తాది. వచ్చినప్పుడు ఊఁ, ఆఁ. అన్నం పెట్టాల్నా అంటే ఊఁ. చాల్నా అంటే ఆఁ. అమ్మా అనే మాట నోట్లో నుంచి రాదు. కోపం గూడ కాదు. బస్సులో పక్కన కూర్చున్న మనిషితో ఉన్నట్టుంటాది."

"నీకు ఇంగ్లీషు రాదని ఆమెకు తెలుసు గదా?"

"తెలుసు. తెలుగయితే కూడబలుక్కోని చదువుతానని గూడ తెలుసు. అదే నాకు అర్థం కాలా. నాకు తెలియని భాషలో యాల పెట్టింది? నేను గొంతుతోనే అడిగినా, 'మేడం రమ్మంటాంది, పోవాల్నా వద్దా, నువ్వు చెప్పు' అని. పో అంటే పో అనాల. వద్దంటే వద్దనాల. ఈ నైసేంది?"

"ఇప్పుడు అర్థమాయె, ఏ కాలం నైసు అని నువ్వు యాల అడిగినావో."

"పోయేది బాగుంది అనా? మల్లా పోతాండావా, మంచి పని చేస్తాండావులే అనా? నాకేం తెలీదు అనా? చాల్లే అనా? నువ్వు చెప్పిన అర్థాలన్నీ అతుకుతాండాయి మ్మే. ఒక్కటన్నా అతక్కపోతే బాగుండు."

"ఫోన్ తెచ్చినావా?"

"యాల?"

"చూపించు."

"చీటీ ఉండాది గదా. ఉండేది ఉండేటట్టు గీసినా."

"చూపించత్తా. మాట పక్కన ఏదన్నా బొమ్మ పెట్టిందేమో. ఏడుపు బొమ్మో, నవ్వు బొమ్మో. దాంతో కొంచెం తెలుస్తాది."

"బొమ్మలేం లేవు. ఇదో, చూడు. కింద ఉండాదే, అదే."

"ఆఁ. నైస్. బొమ్మేం లేదు. ఉండు... పైన ఇవేంది?"

"ఏవి?"

"నీ గొంతు మాటకూ నైస్‌కూ మధ్యలో ఇన్ని వరసలున్నాయే. వీటిని గీసుకరాలేదే?"

"అవా? గుండ్రంలో అడ్డగీత కొట్టిన గుర్తు. బస్సులో పొగ తాగరాదు అని ఉంటాదే, ఆ మాదిరిది. అవన్నీ ఒకటే రకం. ఫోను కంపెనీ వాళ్లు పంపేవి అనుకుంటి."

"కంపెనీ వాళ్లవి కాదత్తా."

"మరి?"

"లహరివి. ఏదో రాసి పంపి, నువ్వు చూడకముందే చెరిపేస్తే ఈ గుర్తు మిగులుతాది."

"చెరిపేస్తేనా?"

"నిన్న పొద్దున ఏడుంబావుకు నీ మాట పోయింది. ఏడు ఇరవైకి ఒకటి రాసి చెరిపింది. ఏడున్నరకు ఒకటి. ఏడు నలభైకి, ఎనిమిదికి. ఎనిమిది పదికి రెండు. ఆరు అత్తా. ఆరు రాసి ఆరూ చెరిపేసి, తొమ్మిది కావస్తా ఉంటే నైస్ అని పెట్టింది."

"గంటన్నర కూర్చుందా?"

"గంటన్నర."

"శనివారం పొద్దునే ఎనిమిదిన్నరకు క్లాసుంటాది దానికి."

"పోలేదేమో."

"ఏం రాసుంటాది పాపా?"

"తెలీదు."

"సెల్లంగడి రహమాన్‌కు ఇస్తే తీస్తాడా?"

"ఎవరికిచ్చినా రాదత్తా. రాసినోళ్లే చెప్పాల. ఫోన్ చెయ్."

"ఇప్పుడా? వద్దు. సాయంత్రం చేస్తా. ఇప్పుడు పండుకోనుంటాది."

"ఆదివారం మూడు గంటలకు హాస్టల్లో ఎవరూ పండుకోరు. బట్టలుతుక్కుంటుంటారు. చెయ్."

"నువ్వు చెయ్."

"నేనడిగితే నాకు చెప్తాది. నీకు చెప్పాల్సింది గదా అది. ఇదో, మోగుతాంది. పట్టుకో. స్పీకర్ వేసినా."

"హలో. ఊఁ, చెప్పు."

"లహరీ, తిన్యావా?"

"తిన్యా."

"ఏం తిన్యావు?"

"హాస్టల్లో పెట్టింది."

"ఏం పెట్టినారు?"

"ఏదో. పప్పు. బకెట్ కింద నీళ్లు పారతాండాయి, ఏంది చెప్పు."

"ఏం లేదు. ఊరికే చేసినా."

"అడుగత్తా!"

"ఎవరు పక్కన? ఫాయిజక్కనా?"

"ఆఁ, ఫాయిజక్కే. నువ్వు పెట్టిన ఇంగ్లీషుకు అర్థం అడుగుదామని వస్తి."

"ఆ ఒక్క మాటకు ఫాయిజక్క ఇంటికి పోయినావా? ఛీ! అది నైస్ అని."

"నైస్ అని తెలిసింది. ఏ నైసో తెలీలా."

"ఏ నైసు ఏంది? నైసంటే నైసే. బాగుంది అని."

"నేను పోయేది బాగుందా? వింటాండావా?"

"వింటాండా."

"నైసంటే తెలీదు అని గూడ అర్థముందంట. ఏడునూర్ల ఏండ్ల కిందట."

"నేను ఏడునూర్ల ఏండ్ల కిందట పెట్టలా. నిన్న పెట్టినా."

"అదే నేనూ చెప్పినా లహరీ. మీ అమ్మ వినలా."

"ఫాయిజక్కా, నువ్వు ఉండక్కా. ఆమెకు పోవాలనుంది. పోనీ."

"నాకు పోవాలనుందని నీతో ఎవరు చెప్పినారు?"

"ఎవరు చెప్పాల? ఉండాలనుకునే వాళ్లు ఉంటారు. పోవాలనుకునే వాళ్లే పోవాల్నా అని అడుగుతారు. నేను పో అంటే నీకు సులువు. వద్దంటే, నీ కోసరమే ఆగినా అని ఎప్పుడో ఒకనాడు అంటావు. ఏం రాయాల నేను?"

"ఆరు రాసినావు గదా. రాసి చెరిపినావంట. గంటన్నర."

"ఎవరు చెప్పినారు? చదివినావా? చదివినావా వాటిని?"

"ఎట్ల చదివేది? పొగతాగరాదు గుర్తు ఒకటే మిగిలుండాది."

"పొగతాగరాదేంది?"

"ఏదోలే. అందులో ఏం రాస్తివి?"

"చెరిపినాక వదిలెయ్యాల. నేను బట్టలు పిండాల. పెట్టేస్తాండా."

"లహరీ, పెట్టేయాకు. నేను ఫాయిజాను. మీ అమ్మ ఆ నాలుగక్షరాలను నిన్నటి నుంచి గీస్తాంది. ఇంగ్లీషు అక్షరం రాని మనిషి. ఒక్కటి చెప్పు. ఒక్కటే."

"మొదటిదాంట్లో నీ ఇష్టం అని రాసినా."

"ఊఁ."

"రెండోదాంట్లో పో అని రాసినా. శానా కోపంగా రాసినా. ఇంకా ఏమేమో రాసినా అందులో. చెప్పను."

"చెప్పాకు. మిగతా నాలుగు? లహరీ, నాలుగుండాయి ఇంకా."

"పోవద్దు అని రాసినా. నాలుగిట్లోనూ అదే. పోవద్దు, పోవద్దు, పోవద్దు, పోవద్దు. చాల్నా? ఇంగ నవ్వుకోండి ఇద్దరూ కూర్చోని."

"ఇక్కడ ఎవరూ నవ్వడం లేదు లహరీ. మీ అమ్మ కొంగు నోట్లో కుక్కుకోనుంది."

"ఏడుస్తాందా? ఏడ్వాకని చెప్పక్కా. అందుకే నేను చెరిపేసింది. ఆమె మేడంకు ఏం చెప్పుకోవాల్నో చెప్పుకోమను. నన్ను అడిగింది, చెప్పినా, అంతే."

"మేడంకు మొన్న రాత్రే చెప్పేసినా పాపా, నేను రాను, వేరే మనిషిని చూసుకోండి అని. నీకు మాట పంపకముందే."

"ముందేనా? మరి నన్ను యాల అడిగినావు?"

"మొదటిసారి పోయిన పొద్దు నువ్వు పండుకోనుంటివి. లేపితే పోవద్దంటావని భయపడి లేపకుండానే బస్సెక్కితి. ఆ మాట ఇప్పుడన్నా నీ నోట విందామని అడిగినా."